స్పోర్ట్స్ కారుకు పెర్ఫార్మెన్స్ టైర్లు ఎంచుకోవడం ఎలా?

"నా దగ్గర ఫలానా స్పోర్ట్స్ కారు ఉంది, ఏ టైర్లు వేయించమంటారు?" ఈ ప్రశ్న రాని వారం లేదు. అడిగేవాళ్లలో చాలామంది రెండు మూడు పేర్లు ముందే అనుకుని ఉంటారు, వాటిలో ఏది గొప్పదో చెప్పమంటారు. నేను మాత్రం ఎదురు ప్రశ్నలు వేస్తాను. మీరు బండి తీసే వేళకి బయట ఎంత చలి ఉంటుంది? వానలో నడుపుతారా? ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? ట్రాక్ మీదకి తీసుకెళ్తారా? ఇవి తెలియకుండా టైరు పేరు చెప్పడం చీకట్లో రాయి విసరడమే.

స్పోర్ట్స్ కారు కదా, అన్నిటికన్నా ఎక్కువ పట్టు ఉన్న టైరు వేసేస్తే సరిపోతుందని అనుకుంటారు. ఆ పట్టు అన్ని వేళలా ఒకేలా ఉండదు. వేడెక్కాక రోడ్డును కరిచి పట్టుకునే టైరే, చల్లటి తడి రోడ్డు మీద మామూలు ఫ్యామిలీ కారు టైరు కన్నా ముందు జారిపోవచ్చు. అందుకే ఇక్కడ "ఏది బెస్ట్" అని చెప్పడం లేదు. మీ బండికీ మీ వాడకానికీ పనికిరానివాటిని ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ పోతే చివరికి రెండు మూడు మిగులుతాయి. వాటిలో ఏది కొన్నా మీరు పెద్దగా నష్టపోరు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కారు మాన్యువల్, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే టైర్ల స్టిక్కర్ ఫోటో.
- ఇప్పుడున్న నాలుగు టైర్ల సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఫోటోలు. ఒకటి తీసి వదిలేయకండి. ముందువి, వెనకవి వేర్వేరు సైజులు కావచ్చు. సెకండ్ హ్యాండ్ కారైతే నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నా ఆశ్చర్యం లేదు.
- రిమ్ వెడల్పు. రిమ్ లోపలి వైపునో స్పోక్ వెనకనో "8.5జె × 18" లాగా అచ్చు వేసి ఉంటుంది. అందులో 8.5 అనేది వెడల్పు, అంగుళాల్లో.
- ట్రెడ్ (టైరులో రోడ్డుకి తగిలే గాడుల పొర) లోతు కొలిచే గేజ్, నమ్మకమైన ప్రెజర్ గేజ్.
- ఒక చాక్‌పీసు. ఎందుకో తర్వాత చెబుతాను.

1. సైడ్‌వాల్ మీద రాత చదవండి

ఉదాహరణకి 245/40 జడ్ఆర్18 97వై ఎక్స్ఎల్ అని ఉందనుకోండి. 245 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 40 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, అంటే 98 మి.మీ. ఆర్ అంటే రేడియల్, 18 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. 97 లోడ్ ఇండెక్స్: ఒక్కో టైరు 730 కిలోల వరకు మోస్తుంది. వై వేగం గుర్తు: గంటకు 300 కి.మీ. వరకు. హెచ్ అయితే 210, వీ 240, డబ్ల్యూ 270. జడ్ఆర్ అని ఉంటే 240 దాటిన వేగాలకి తయారైన టైరని అర్థం.

ఎక్స్ఎల్ అంటే బలపరిచిన నిర్మాణం. మామూలు టైరు తన పూర్తి బరువును 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మోస్తే, ఎక్స్ఎల్ టైరు 42 పీఎస్ఐ దగ్గర మోస్తుంది. పాత టైర్లు ఎక్స్ఎల్ అయితే కొత్తవీ ఎక్స్ఎల్ తీసుకోండి.

జాగ్రత్త: లోడ్ ఇండెక్స్‌నీ వేగం గుర్తునీ స్టిక్కర్‌లో ఉన్నదాని కన్నా తగ్గించకండి. "నేనెప్పుడు 300లో వెళ్లాను గనక?" అంటారు. ఆ అక్షరం చెప్పేది వేగం ఒక్కటే కాదు, టైరు ఎంత వేడిని తట్టుకుంటుందో కూడా చెబుతుంది. బరువైన కారు, ఎండ, నిండా లోడు, హైవే మీద ఏకబిగిన గంట ప్రయాణం కలిస్తే ఆ తేడా తెలుస్తుంది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ వాళ్లు చూసేదీ ఇదే.

2. కారు పెట్టే షరతులు చూసుకోండి

ఈ అంచె దాటేసరికి సగం టైర్లు లిస్టులోంచి పోతాయి.

కంపెనీ గుర్తు: సైడ్‌వాల్ మీద చిన్న గుర్తు ఒకటి వెతకండి. పోర్షెకి ఎన్0, ఎన్1 లాంటివి, బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి ఎంఓ, ఆడికి ఏఓ లేదా ఆర్ఓ1. ఆ కారు తయారీదారు కోసం ప్రత్యేకంగా సర్దిన టైరని దాని అర్థం. పేరు, సైజు ఒకటే అయినా గుర్తున్న టైరులో రబ్బరు మిశ్రమమో లోపలి నిర్మాణమో వేరుగా ఉండొచ్చు. కారు వారంటీలో ఉంటే గుర్తున్నవే వేయించండి. పాత కారై, గుర్తున్న మోడల్ ఎప్పుడో డిజైన్ చేసినదైతే, గుర్తు లేని కొత్త తరం టైరే మేలు కావచ్చు. ఏది వేసినా నాలుగూ ఒకే రకం ఉండాలి. ముందు గుర్తున్నవి, వెనక లేనివి వేస్తే మలుపుల్లో కారు తీరే మారిపోతుంది.

ముందు, వెనక వేర్వేరు సైజులు: 992 తరం పోర్షె 911 కరేరాకి ముందు 235/40 జడ్ఆర్19, వెనక 295/35 జడ్ఆర్20 వస్తాయి. ఇలాంటి కార్లలో టైర్లను ముందు నుంచి వెనక్కి మార్చలేం, వెనకవి త్వరగా అరిగిపోతాయి. అప్పుడు వెనక రెండే మార్చొచ్చు, కానీ అదే కంపెనీ, అదే మోడల్ కావాలి. ఆ మోడల్ ఆగిపోయిందంటే నాలుగూ మార్చడం తప్ప దారి లేదు. కాబట్టి కొనేటప్పుడే, మార్కెట్లోంచి వెళ్లిపోయే దశలో ఉన్న మోడల్‌ని డిస్కౌంట్ చూసి తీసుకోకండి.

నాలుగు చక్రాల డ్రైవ్: ఇక్కడ ట్రెడ్ లోతులో తేడా చాలా ముఖ్యం. సుబారు అయితే నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం, అంటే సుమారు 6.4 మి.మీ. దాటకూడదంటుంది. ట్రెడ్ లోతులో చూస్తే అది 1 మి.మీ. మాత్రమే. సగం అరిగిన మూడు టైర్ల మధ్య కొత్తది ఒకటి పెడితే చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్‌కి ఊపిరాడదు. మీ కారు మాన్యువల్‌లో ఆ పరిమితి ఎంతో వెతికి పెట్టుకోండి.

రన్‌ఫ్లాట్: ఇప్పుడు రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) ఉంటే వాటి బదులు మామూలు పెర్ఫార్మెన్స్ టైర్లు వేయించవచ్చు. చాలామంది ఆ పని చేసి, కారు మెత్తబడిందనీ స్టీరింగ్ బాగా మాట్లాడుతోందనీ సంతోషిస్తారు. నా మొగ్గు కూడా అటే. కాకపోతే ఆ కారులో స్టెప్నీ ఉండదు, పెట్టే చోటు కూడా ఉండదు. సీలెంట్ కిట్, చిన్న కంప్రెసర్ డిక్కీలో పడేయండి. సైడ్‌వాల్ చిరిగితే సీలెంట్ పనికిరాదని, టో ట్రక్కే దిక్కని ముందే అనుకోండి.

3. మీ వాడకం ఉన్నదున్నట్టు రాసుకోండి

కాగితం మీద రాయండి. మనసులో అనుకుంటే ప్రతివాళ్లూ రేసు డ్రైవర్లే.

బండి నడిపే రోజుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంత? సమ్మర్ టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దిగువకి వెళ్లేకొద్దీ బిగుసుకుపోయి పట్టు వదులుతుంది. గడ్డకట్టే చలిలో వాటిని వాడితే, లేదా ఆ చలిలో రిమ్ మీద నుంచి ఊడదీస్తే, రబ్బరు పగుళ్లు తీయవచ్చు కూడా.

వాన ఎంత? రోడ్డు మీద నీళ్లు నిలిచే చోట్ల నడుపుతారా? వెడల్పు టైరు, తక్కువ గాడులు, అరిగిన ట్రెడ్, ఈ మూడూ కలిస్తే కారు నీటి మీద తేలిపోతుంది.

ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు? మూడు నాలుగు వేలు మించకపోతే మీ టైర్లు అరిగేలోపే వయసు మీరతాయి. అలాంటప్పుడు ఎక్కువ మన్నిక కోసం పట్టు వదులుకోవడం దండగ. పదిహేను వేలు తిరిగేవాళ్ల లెక్క వేరు.

రోడ్లు ఎలా ఉంటాయి? గతుకులు, గుంతలు ఉంటే సైడ్‌వాల్ ఎత్తు మీకు ఆస్తి లాంటిది. 30, 35 ప్రొఫైల్ (సైడ్‌వాల్ ఎత్తు శాతం) టైరు గుంతలో పడితే సైడ్‌వాల్ లోపలి దారాలు తెగి బుడగ లేస్తుంది, లేదా రిమ్ వంగుతుంది.

ట్రాక్‌కి వెళ్తారా? "వెళ్లాలని ఉంది" అంటే వెళ్లనట్టే లెక్కేయండి.

4. తరగతి తేల్చుకోండి, పేర్లు తర్వాత

తరగతి సరిగ్గా కుదిరితే అందులోని మంచి టైర్ల మధ్య తేడా చిన్నదే. తరగతే తప్పితే ఎంత పేరున్న టైరైనా విసిగిస్తుంది.

మ్యాక్స్ పెర్ఫార్మెన్స్ సమ్మర్: ఇది చదువుతున్నవాళ్లలో ఎక్కువమందికి జవాబు ఇక్కడే ఉంది. మిషలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్, పిరెల్లి పీ జీరో, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 సూపర్‌స్పోర్ట్, కాంటినెంటల్‌లో స్పోర్ట్ కాంటాక్ట్ వరస. పొడి రోడ్డు మీద మీరు మామూలుగా వాడగలిగేదాని కన్నా ఎక్కువ పట్టు ఉంటుంది, వెచ్చటి వానలో కూడా బాగా నిలుస్తాయి. అప్పుడప్పుడు ట్రాక్ మీద తిప్పినా ఓర్చుకుంటాయి, కాకపోతే కొన్ని ల్యాపులయ్యేసరికి వేడెక్కి జారడం మొదలవుతుంది.

ఆల్ సీజన్ పెర్ఫార్మెన్స్: చలికాలంలో కూడా అదే కారు, అదే టైర్ల సెట్టుతో నడపక తప్పనివాళ్లకి. స్టీరింగ్ పదును కొంత తగ్గుతుంది. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, 5 డిగ్రీల తడి ఉదయాన సమ్మర్ టైరు కన్నా ఇదే మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది. మంచు నిజంగా పడే చోటైతే ఇదీ చాలదు, విడిగా వింటర్ టైర్ల సెట్టు పెట్టుకోవాలి.

200 ట్రెడ్‌వేర్ (టైరు మీద ఉండే మన్నిక అంకె) తరగతి: బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052, ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టీ660 లాంటివి. ట్రాక్ రోజులకీ ఆటోక్రాస్‌కీ (కోన్ల మధ్య టైము మీద నడిపే పోటీ) వెళ్లేవాళ్లు వీటి మీదే ఉంటారు. త్వరగా అరుగుతాయి, రొద ఎక్కువ, గులకరాళ్లు ఎగరేసి వీల్ ఆర్చ్‌లో కొడతాయి.

రోడ్డు మీద చెల్లే ట్రాక్ టైర్లు: పైలట్ స్పోర్ట్ కప్ 2, పిరెల్లి పీ జీరో ట్రోఫియో ఆర్, టోయో ప్రాక్సెస్ ఆర్888ఆర్. చల్లగా ఉన్నప్పుడు వీటిని అస్సలు నమ్మకండి. నిలిచిన నీళ్లలో ఇంకా నమ్మకండి. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి ఇవి వేయించి "స్టేటస్" అనుకునేవాళ్లని చూస్తే నాకు భయమే.

ఇంకో మాట. పట్టు పెరిగితే సరదా కూడా పెరుగుతుందని లేదు. 2012లో వచ్చిన టొయోటా 86కి ఆ కంపెనీ మిషలిన్ ప్రైమసీ టైర్లు, 215/45 ఆర్17 సైజులో ఇచ్చింది. ఏ పెర్ఫార్మెన్స్ టైరూ కాదు, మామూలు కార్లకి వేసేవే. తక్కువ వేగంలోనే కారు మెల్లగా జారుతూ డ్రైవర్ మాట వినాలని కావాలనే అలా చేసింది. తేలికైన, తక్కువ హార్స్‌పవర్ కారుకి మరీ జిగట టైర్లు వేస్తే ఆ కారులో ఉన్న హుషారు చచ్చిపోతుంది.

5. సైజు మార్చాలనుంటే లెక్క వేయండి

ఉన్న సైజే వేయించడం నా సలహా. అయినా మార్చాలనుంటే లెక్క ఇది:

టైరు వ్యాసం = రిమ్ అంగుళాలు × 25.4 + 2 × వెడల్పు × శాతం ÷ 100

245/40 ఆర్18కి: 457.2 + 196 = 653.2 మి.మీ. 19 అంగుళాల రిమ్‌కి వెళ్తే 245/35 ఆర్19కి 654.1 మి.మీ. వస్తుంది. తేడా లేనట్టే. అదే 18 రిమ్ మీద 265/35 వేస్తే 642.7, అంటే 1.6 శాతం తగ్గింది. 2 శాతం లోపు ఉంచుకోండి. వ్యాసం పెరిగితే స్పీడోమీటర్ మీరు వెళ్తున్న వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, చలానా మాత్రం అసలు వేగానికే వస్తుంది.

ముందు, వెనక వేర్వేరు సైజులున్న కారులోనూ, నాలుగు చక్రాల డ్రైవ్‌లోనూ ఇంకో లెక్క కూడా ఉంది. ముందు టైరు వ్యాసానికీ వెనక టైరు వ్యాసానికీ ఉన్న నిష్పత్తి మారకూడదు. మారితే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ గందరగోళపడతాయి.

తర్వాత రిమ్ వెడల్పు. 245/40 ఆర్18 టైరుకి సాధారణంగా 8 నుంచి 9.5 అంగుళాల వెడల్పు రిమ్ ఆమోదిస్తారు. ప్రతి సైజుకీ ఇలాంటి హద్దు టైరు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. సన్న రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే సైడ్‌వాల్ ఉబ్బి, స్టీరింగ్ తిప్పినప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. వెడల్పు రిమ్ మీద సన్న టైరును లాగి బిగిస్తే చూడ్డానికి స్టైలే, కానీ గుంతలో పడితే రిమ్ అంచు నేరుగా దెబ్బ తింటుంది.

వెడల్పు పెంచేటప్పుడు అందరూ చేసే తప్పు: వెనక మాత్రమే పెంచడం. వెనక పట్టు పెరిగి ముందు అలాగే ఉంటే మలుపులో కారు ముక్కు బయటికి పోతుంది. రెండో తప్పు, రిమ్ సైజు పెంచుతూ బరువు చూడకపోవడం. 19 అంగుళాల బరువు రిమ్ కన్నా 18 అంగుళాల తేలిక రిమ్ మీద కారు చురుగ్గా ఉంటుంది, గతుకుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

6. రేటింగులు, రివ్యూలు ఎంతవరకు నమ్మాలి?

ట్రెడ్‌వేర్ అంకె చూసి "300 కదా, 200 కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ వస్తుంది" అని లెక్క కట్టకండి. ఆ అంకె వేసుకునేది టైరు కంపెనీయే. ఒకే కంపెనీ టైర్లు రెండు పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య కాదు. పక్కనే ఉండే ట్రాక్షన్ ఏఏ, ఏ అక్షరాలు తడి నేల మీద తిన్నగా బ్రేకు వేసిన పరీక్షకి సంబంధించినవి. మలుపులో పట్టు గురించి అవేమీ చెప్పవు.

యూరప్ లేబుల్‌లో తడి పట్టుకి ఏ నుంచి ఈ వరకు గ్రేడు ఉంటుంది. అది పనికొచ్చే సమాచారం. అందులోనే ఉండే శబ్దం డెసిబెల్స్ మాత్రం కారు బయట నిలబడి కొలిచినవి. కారు లోపల మీకు వినిపించే రొద వేరే విషయం.

ఇక రివ్యూలు. టైర్లు మార్చిన వారంలోనే రాసిన పొగడ్తల్ని పక్కన పెట్టండి. అరిగి గట్టిపడ్డ పాత టైర్లు తీసి ఏ కొత్తవి వేసినా అద్భుతంగానే ఉంటుంది. ఒకే కారు, ఒకే సైజు, ఒకే రోజు మీద నాలుగైదు టైర్లు పోల్చిన పరీక్షలు వెతకండి. వాటిలో మొదట తడి బ్రేకింగ్ దూరం, తడి ల్యాప్ టైమ్ చూడండి. పొడి రోడ్డు మీద మంచి టైర్ల మధ్య తేడా చిన్నదిగానే ఉంటుంది, తడిలో ఎవరి సత్తా ఏంటో బయటపడుతుంది. అరిగిన టైర్లతో చేసిన తడి పరీక్ష దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే మీరు ఎక్కువ కాలం నడిపేది అలాంటి టైర్ల మీదే.

7. డబ్బు కట్టే ముందు తేదీ చూడండి

సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు తయారీ తేదీ. 1424 అంటే 2024లో 14వ వారం. ఈ నాలుగు అంకెలూ తరచూ టైరుకి ఒక వైపే ఉంటాయి. బిగించాక అది లోపలి వైపుకి పోతే కారు కిందకి దూరి చూడాల్సిందే. అందుకే రిమ్ ఎక్కించకముందే నాలుగూ చూడండి. ఏడాది లోపు తేదీ ఉంటే బాగు. నీడలో, పద్ధతిగా నిలవ చేసిన రెండేళ్ల టైరు వచ్చినా రోడ్డు వాడకానికి టెన్షన్ పడక్కర్లేదు, ధర మాత్రం తగ్గించమని అడగండి.

స్పోర్ట్స్ కార్ల విషయంలో ఈ తేదీ మరీ ముఖ్యం. ఇవి ఎక్కువ రోజులు గ్యారేజీలోనే ఉంటాయి, ట్రెడ్ నిండుగా కనిపిస్తుంది, రబ్బరు మాత్రం లోలోపల గట్టిపడిపోతుంది. 2013లో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదంలో పోర్షె కరేరా జీటీ టైర్లు సుమారు 9 ఏళ్ల నాటివని దర్యాప్తులో తేలింది. ప్రమాదానికి కారణం అతివేగమేనని అధికారులు చెప్పినా, టైర్ల వయసు కూడా వాళ్ల దృష్టికి వచ్చింది. ఐదారేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించండి. పదేళ్లు నిండితే ట్రెడ్ ఎంత ఉన్నా తీసేయడమే. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటే మొట్టమొదట చదవాల్సింది ఈ నాలుగు అంకెలే.

8. బిగించే రోజు పక్కనే నిలబడండి

- ట్రెడ్ దిశ ఉన్న టైరు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ముందుకి తిరిగే దిశలో ఉండాలి. అసమాన ట్రెడ్ అయితే "అవుట్‌సైడ్" అని రాసిన వైపు బయటికి కనిపించాలి. నాలుగు చక్రాలూ చుట్టూ తిరిగి చూడండి. ఒకటి తిరగేసి ఎక్కించడం అరుదేమీ కాదు.
- తక్కువ ప్రొఫైల్ టైర్లు ఎక్కించడం కష్టం. లివర్‌తో బలవంతంగా లాగితే రిమ్ గీసుకుంటుంది, బీడ్ (రిమ్‌ను పట్టుకునే టైరు లోపలి అంచు) చిరుగుతుంది. ఇలాంటి టైర్లకి తగ్గ మెషీన్ ఉందో లేదో ఫోన్‌లోనే అడిగి వెళ్లండి.
- రిమ్ లోపల ప్రెజర్ సెన్సర్ ఉందని ముందే చెప్పండి.
- వీల్ బోల్టులు చివరగా టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచి), మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించమనండి. ఎయిర్ గన్‌తో బిగించి వదిలేస్తే ఒప్పుకోకండి.
- బ్యాలెన్సింగ్‌తో పాటు వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించి, కొలతల కాగితం తీసుకోండి. పాత టైర్లు లోపలి అంచున అరిగి ఉంటే, అలైన్‌మెంట్ లేకుండా కొత్తవి వేయించడం డబ్బు తగలేయడమే.
- రెండే టైర్లు కొంటే, నాలుగూ ఒకే సైజున్న కారులో కొత్తవి వెనకే వేయించండి. తడిలో ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, ఎక్సలేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది.

బండి దించాక స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా, తర్వాత రెండో వైపు పూర్తిగా తిప్పి, టైరుకీ వీల్ ఆర్చ్ లోపలి లైనర్‌కీ మధ్య వేలు పట్టేంత సందు ఉందో చూడండి. ఒకే 245 అంకె ఉన్నా కంపెనీకో రకంగా అసలు వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది, భుజం (ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే అంచు) కొందరిది గుండ్రంగా, కొందరిది చతురస్రంగా ఉంటుంది. ఇంకో వారం తర్వాత లైనర్ మీద నల్లగా మెరిసే గీత ఏదైనా పడిందేమో మళ్లీ చూడండి.

9. గాలి, మొదటి కిలోమీటర్లు

గాలి ఎంత పెట్టాలో స్టిక్కర్ మీద ఉన్న అంకెను చూసి పెట్టండి. సైడ్‌వాల్ మీద ఉండే మ్యాక్స్ ప్రెజర్ ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీరు పెట్టాల్సింది కాదు. ఈ తప్పు ఎంతమంది చేస్తారో చెప్పలేను. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. వాతావరణం 5, 6 డిగ్రీలు చల్లబడితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. సీజన్ మారినప్పుడల్లా చూసుకోండి. గాలి సరిచేశాక ప్రెజర్ మానిటర్‌ని రీసెట్ చేయడం మర్చిపోకండి.

ఇప్పుడు చాక్‌పీసు తీయండి. వాల్వ్‌కి ఎదురుగా, రిమ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి సాగేలా ఒక గీత గీయండి, నాలుగు చక్రాలకీ. టైరు ఎక్కించేటప్పుడు బీడ్‌కి రాసే జారుడు పదార్థం ఆరడానికి సమయం పడుతుంది. మొదటి రోజే గట్టిగా ఎక్సలేటర్ తొక్కినా, బ్రేకు కొట్టినా టైరు రిమ్ మీద కాస్త జరగవచ్చు. మర్నాడు చూస్తే రిమ్ మీది గీత ఒక చోట, టైరు మీది గీత ఇంకో చోట ఉంటుంది. అలా జరిగితే బ్యాలెన్సింగ్ పోయినట్టే, మళ్లీ చేయించాలి.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 200, 300 కి.మీ. మెత్తగా నడపండి, తడిలో మరీ జాగ్రత్త.

10. ఫలితం చూసుకోండి

80 నుంచి 100 కి.మీ. నడిపాక వీల్ బోల్టుల టార్క్ మరోసారి చెక్ చేయండి.

హైవే మీద 90, 110 మధ్య స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్ అనుమానించండి. సీటు వణికితే వెనకవి. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా పోకపోతే టైరు గుండ్రంగా లేకపోవచ్చు. రోడ్ ఫోర్స్ (టైరు తిరిగేటప్పుడు నొక్కే బలంలో తేడా) కొలిచే మెషీన్ ఉన్న చోటికి తీసుకెళ్లి ఏ టైరో పట్టుకోండి. వారంటీ అడగడానికి ఆ కొలత కాగితం పనికొస్తుంది.

కారు ఒక పక్కకి లాగుతుంటే వెంటనే అలైన్‌మెంట్‌ని తిట్టకండి. ట్రెడ్ దిశ లేని టైర్లయితే ముందు రెండూ ఎడమ కుడి మార్చి చూడండి. లాగడం రెండో వైపుకి మారితే తప్పు టైరుది.

వెయ్యి, పదిహేను వందల కి.మీ. తర్వాత ప్రతి టైరుకీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు దగ్గర ట్రెడ్ లోతు కొలిచి తేదీతో రాసుకోండి. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. లోపలి అంచు ఒక్కటే అరిగితే క్యాంబర్ (చక్రం పక్కకి ఒరిగిన కోణం) లేదా టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం). అరచేత్తో ట్రెడ్‌ని అడ్డంగా నిమరండి. ఒక దిశలో నున్నగా, వెనక్కి తెస్తే రంపం పళ్లలా గరుకుగా తగిలితే టో సరిగా లేదు. ఈ తేడా కంటికి కనపడక ముందే చేతికి తెలుస్తుంది.

ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి చాక్‌పీసుతో ఇంకో పని ఉంది. చాలా టైర్లకి ట్రెడ్ ముగిసి సైడ్‌వాల్ మొదలయ్యే చోట చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. దాని మీదుగా, ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ దాకా, చుట్టూ మూడు నాలుగు చోట్ల చాక్ రుద్ది నాలుగు ల్యాపులు వేసి రండి. చాక్ త్రిభుజం కొస వరకే చెరిగితే ప్రెజర్ సరిపోయింది. కొస దాటి సైడ్‌వాల్ మీద కూడా చెరిగితే టైరు పక్కకి ఒరుగుతోంది, గాలి పెంచండి. త్రిభుజం దాకా కూడా రాకపోతే కాస్త తగ్గించండి. ట్రాక్ మీద వేడికి గాలి పెరుగుతుంది కాబట్టి తగ్గించి మొదలుపెడతారు. ఇంటికి బయల్దేరే ముందు ఆ గాలి తిరిగి నింపకపోతే, చల్లబడ్డాక హైవే మీద ప్రమాదకరంగా తక్కువ ప్రెజర్‌తో వెళ్తుంటారు.

మార్చే సమయం గురించి కూడా అడుగుతుంటారు. గాడుల మధ్య అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలు 1.6 మి.మీ. గుర్తులు, చాలా దేశాల్లో చట్టం చెప్పే కనీసం అదే. కానీ వెడల్పు పెర్ఫార్మెన్స్ టైరు తడి పట్టు 3 మి.మీ. దిగువకి వచ్చేసరికే బాగా పడిపోతుంది. వానల్లో నడిపే కారైతే గేజ్ 3 చూపించిన రోజే కొత్తవి చూసుకోండి. మేకు దిగితే, ట్రెడ్ మధ్య భాగంలో 6 మి.మీ. లోపు రంధ్రమైతే టైరు ఊడదీసి లోపలి నుంచి ప్లగ్, ప్యాచ్ కలిపి వేయించవచ్చు. భుజం దగ్గరైనా సైడ్‌వాల్ అయినా ఆ టైరు పనైపోయినట్టే. రిపేరు చేసిన టైరు రోజువారీ వాడకానికి సరే గానీ దాంతో ట్రాక్‌కి వెళ్లకండి.